మూడు సీసాలు, మూడు నెలలు

కొత్త సంవత్సరం రెండో రోజు ఉదయం ఏడింటికి, నీటి సరఫరా ఫిర్యాదుల కార్యాలయంలో అందరూ సూపరింటెండెంటమ్మ అని పిలుచుకునే ఆవిడ స్నానాల గది అద్దం ముందు నిలబడి అలమరలోని సీసాలను లెక్కపెట్టింది. పద్నాలుగు. తెల్లబరిచేవి, బిగించేవి, మెరిపించేవి, ముందు రాసుకున్నది చేసిన చేటును సరిదిద్దేవి. వాటిలో మూడింటిని అలమరలోనే ఉంచి, మిగతావి సంచిలో వేసింది.

ఆమె బుగ్గల మీద చాలా ఏళ్లుగా మంగు ఉంది. దాన్ని పోగొట్టడానికి కొన్ని సీసాలు, అవి పోగొట్టలేకపోయినప్పుడు కప్పిపెట్టడానికి మరికొన్ని, ఆ కప్పింది కనబడకుండా పైన పౌడరు. ఈమధ్య ముఖం మంట పెడుతోందని అన్నయ్య కూతురికి చూపించుకుంది. ఆ అమ్మాయి చర్మవైద్యురాలు. భూతద్దం పెట్టి చూసి నవ్వేసింది.

“అత్తా, నీ చర్మానికి జబ్బేమీ లేదు, వైద్యం ఎక్కువైంది అంతే. పద్నాలుగు మంది అత్తగార్లు పెత్తనం చేస్తే ఏ కోడలు మాత్రం కమిలిపోదు? మెత్తటి ఫేస్‌వాష్‌తో కడుక్కో, తేమ నిలిపే క్రీము రాసుకో, బయటికెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్. పూటకి అయిదు నిమిషాల పని. పది రోజులు చేసి మానేసే పెద్ద హంగామా కంటే, ఏడాదంతా చేయగలిగిన చిన్న పని మేలు.”

అలా ఆ ఉదయం ఆమె మంగుతో, కళ్ల కింద నీడలతో, యాభై రెండేళ్ల ముఖంతో కాఫీ బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా భర్త. వాచీలు బాగుచేస్తాడు. ఆవగింజలో సగమున్న పళ్లచక్రంలో దుమ్ము కణాన్ని పట్టుకోగల మనిషి. ఏమైనా అంటాడేమోనని ఆమె రెండు గుక్కల సేపు ఆగింది.

“మబ్బు పట్టింది, గొడుగు మర్చిపోకు,” అన్నాడతను.

ఆఫీసులో మాత్రం అందరికీ కళ్లున్నాయి. కంప్యూటర్ ఆపరేటరమ్మాయి ఆమెను చూసి సగంలో టైపు ఆపేసింది.

“మేడం, ఒంట్లో బాలేదా?”

“నాకేం, బాగానే ఉన్నాను.”

“మరి మొహం...”

“నా మొహమే తల్లీ. కొంచెం ఆలస్యంగా పరిచయమవుతోంది.” ఆమె నవ్వి, సంచిలోంచి మూత కూడా తీయని అయిదు సీసాలను ఆ పిల్ల బల్ల మీద పెట్టింది. పారేయడానికి మనసొప్పలేదు. “ఇవి నువ్వు వాడుకో. నాకిక వీటితో పని లేదు.”

ఆ అమ్మాయి సీసాల వంక చూసింది, మేడం వంక చూసింది. ఉన్నవన్నీ పంచిపెట్టే మనుషుల గురించి తను ఎక్కడెక్కడ విన్నదో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

పదకొండింటికి మేనకోడలు ఫోన్ చేసింది. సూపరింటెండెంటమ్మ వరండాలోకి వెళ్లి మాట్లాడింది. వరండాలో నీళ్ల డబ్బా ఉంది, డబ్బా వెనక ఖాళీ సీసాతో ఆపరేటరమ్మాయి ఉంది.

“మూడు నెలలంటావా? ... సరేలే, డాక్టరువి నువ్వు చెప్పాక ఇంకేముంది! ... లేదమ్మా, మీ మామయ్యకి ఇంకా చెప్పలేదు. ఆయన గమనించనైనా లేదు... నాకు భయమేం లేదు కానీ, అందరి ముందూ తిరగడమే కష్టంగా ఉంది.”

చర్మం తేరుకోవడానికి మూడు నెలలు పడుతుందని మేనకోడలు అవతల్నించి చెప్పిన సంగతి నీళ్ల డబ్బా దాకా వినబడదు కదా. “డాక్టరు మూడు నెలలు అందట,” అని ఆపరేటరమ్మాయి పక్క బల్లకి ఉన్నదున్నట్టే చెప్పింది. ఆ మాటకి ఏత్వం ఎవరు తగిలించారో గానీ, రెండో బల్ల దాటేసరికి అది ‘మూడే నెలలు’ అయింది. భోజనాల వేళకి గోరంత కొండంతై పెద్దసారు గదిలోకి వెళ్లి కూర్చుంది.

పెద్దసారు ఆమెను పిలిపించి, ఆమె లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. పై అధికారులకి తప్ప ఆయన లేచిన దాఖలా ఆ ఆఫీసులో లేదు.

“కూర్చోండమ్మా. ఇంత ధైర్యంగా వచ్చారు, గొప్ప సంగతి. నేనైతే ఇంట్లోంచి కదిలేవాణ్ణే కాదు.”

పౌడరు లేని ముఖానికి ఇంత గౌరవం దొరుకుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. “మొదట సిగ్గుగానే అనిపించింది సార్. కానీ ఎన్నాళ్లని కప్పిపుచ్చుకుంటాం? ఎప్పటికైనా బయటపడేదే కదా.”

“మీవారు తట్టుకోగలుగుతున్నారా?”

“ఆయనకింకా తెలీదండీ. తెలిసినా పెద్దగా పట్టించుకోరు.”

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “పాత రికార్డుల గది సర్దే పని మీకు వేశాను, దాన్ని మర్చిపోండి. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు సెలవు పెట్టుకోండి.”

“సెలవెందుకు సార్? పొద్దున అయిదు నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు. అంతే.”

ఆయన దాన్ని ప్రార్థన అనుకుని తల వంచాడు.

ఆమె తన గదికి తిరిగొచ్చేసరికి హెడ్ గుమస్తా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రతి చిత్తుకాగితం మీదా కామాలు చల్లే అలవాటు వల్ల ఆయన్ని అందరూ కామాలయ్య అంటారు. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“మేడం, రెండేళ్ల కిందట మీ మీద హెడ్డాఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది చూశారూ... అది రాసింది నేనే.”

సూపరింటెండెంటమ్మ ముందున్న ఫైలు మూసేసింది. ఆ ఉత్తరం వల్ల నాలుగు నెలలు విచారణ జరిగింది. ఫైళ్లు తొక్కిపెడుతుందన్న ఆరోపణ చివరికి తప్పని తేలింది. కానీ ఆ నాలుగు నెలలూ ఎదురైన ప్రతివాళ్లూ తన ముఖంలో ఏదో వెతుకుతున్నట్టే ఉండేది. పౌడరు కింద ఇంకో పొర మొదలైంది అప్పుడే. పద్నాలుగింటిలో సగం సీసాలు ఆ నాలుగు నెలల్లోనే ఇంటికొచ్చాయి. ఉత్తరంలో అన్ని కామాలు ఉన్నప్పుడే తనకి తట్టవలసింది.

“ఇప్పుడెందుకు చెబుతున్నారు?” అని మెల్లగా అడిగింది.

“ఇంకా ఆలస్యమైతే చెప్పే వీలుండదని. క్షమించానని ఒక్క మాట అనండి మేడం, మనసు కుదుటపడుతుంది.”

ఆమె నోరు తెరిచేలోపే తలుపు బళ్లున తెరుచుకుంది. భర్త! వాచీలు చూసే కటకం నుదుటి మీదే ఉంది, చెప్పులు లేవు. ఆపరేటరమ్మాయి ఆగలేక అతనికి ఫోన్ చేసేసింది. అతని వెనక ఆ అమ్మాయి, ఆమె వెనక పెద్దసారు, ఆయన వెనక ఆఫీసంతా.

“మూడు నెలలా?” అన్నాడతను. “ఊరందరికీ చెప్పి నాకు చెప్పకపోతే ఎలాగే?”

“క్రీముల సంగతి మీకు చెప్పేదేముందండీ?”

“ఏ క్రీములు?”

ఆమె చెప్పింది. పద్నాలుగు సీసాలూ, మూడు సీసాలూ, చర్మం తేరుకోవడానికి పట్టే మూడు నెలలూ, అన్నీ. చెప్తూనే పొద్దుట్నుంచి తన చుట్టూ నడిచిందేమిటో ఆమెకూ అర్థమైంది. ఆపరేటరమ్మాయి ఏడ్చేసింది. పెద్దసారు, తను ఇందాక లేచి నిలబడిన సంగతి ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. కామాలయ్య ముఖం ఉన్న స్థితికి ఆపరేటరమ్మాయి బల్ల మీది అయిదు సీసాలూ చాలవు.

భర్త మాత్రం ఆమెను తేరిపార చూస్తున్నాడు. “ఇంతకీ నీ మొహానికి ఏమైందని అందరూ అంటున్నారు?”

“కనబడట్లేదా? ఏమీ రాసుకోలేదు.”

“పొద్దున కాఫీ దగ్గర ఎప్పుడు రాసుకున్నావు కనక! ఇరవై ఏడేళ్లుగా నేను చూస్తున్నది ఈ మొహమే.”

నిజమే, ఆమెకే ఇన్నాళ్లూ తట్టలేదు. ఆమె ముస్తాబయ్యేది అతను కొట్టుకి బయల్దేరాకే. అన్నేళ్లూ ఎవరికీ కనబడకూడదని తంటాలు పడిన ముఖాన్ని ఒక మనిషి రోజూ చూస్తూ, గొడుగు మర్చిపోవద్దని చెబుతూ వచ్చాడు. ఆమె అతని నుదుటి మీది కటకం తీసి జేబులో పెట్టి, “వెళ్లి చెప్పులేసుకోండి,” అంది.

మర్నాడు కామాలయ్యను పిలిచింది. ఆయన కాగితాల కట్టను కవచంలా పట్టుకుని వచ్చాడు.

“నిన్న మీరడిగిన మాట మధ్యలో ఆగిపోయింది. క్షమించాను. ఎవరికీ చెప్పను కూడా. మర్చిపోవడం మాత్రం నా చేతిలో లేదు.”

“అది... నిన్న పరిస్థితి వేరు కదా మేడం,” అన్నాడాయన, ఇచ్చిన వస్తువు వెనక్కి అడుగుతున్నవాడిలా.

ఆమె మాట నిలబెట్టుకుంది. పెద్దసారు రికార్డుల గది పని మళ్లీ ఆమెకే వేస్తే కిక్కురుమనకుండా చేసింది. రోజూ పదింటికి వచ్చేది, పౌడరు లేని ముఖంతో కామాలయ్య బల్ల ముందు ఆగి “బాగున్నారా?” అనేది, వెళ్లిపోయేది. ఆ ముఖంలో కోపం కోసం ఆయన వెతికేవాడు. దాచుకోవడానికి ఏమీ లేని ముఖం, ఏమీ దొరికేది కాదు. ఆయనకు నిద్ర పట్టడం మానేసింది, అన్నం సయించడం మానేసింది.

మూడు వారాలయ్యాక ఆయన బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. కారణం అన్న చోట ‘అనారోగ్యం’ అని రాశాడు.