లీటరుకు ముప్పై

గురువారం పొద్దున ఓనరు వేసిన పథకంలో చిక్కేమీ లేదు. ముసలి లారీ ట్యాంకును అంచుదాకా నింపాలి. తొంభై కిలోమీటర్లు తిప్పాలి. మళ్లీ అదే బంకుకు తెచ్చి మళ్లీ అంచుదాకా నింపాలి. రెండోసారి ఎంత పడితే లారీ అంత తాగినట్టు. లీటరుకు అయిదు కిలోమీటర్లు తేలితే లారీ ఉంటుంది. తేలకపోతే శుక్రవారం దాన్ని తుక్కు కింద కోసి పట్టుకుపోతారు. ఈ మాట ఆయన బంకు దగ్గర ట్యాంకు మూత చేత్తో పట్టుకుని డ్రైవరుకు చెప్పాడు.

లారీ పోతే డ్రైవరూ పోతాడు. అది ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. డ్రైవరుకు యాభై మూడేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు ఆ లారీలోనే గడిచాయి. ఈ వయసులో కొత్త చోటికి వెళ్లి పని అడిగితే అతని కళ్లజోడు చూసి కబురు చేస్తామంటారు. ఆ కబురు రాదు.

లారీ జబ్బు ఇదీ. మూడు నెలల కిందటిదాకా లీటరుకు అయిదు ఇచ్చేది, ఇప్పుడు మూడే ఇస్తోంది. పైగా నలభై వేగం దాటగానే ఒక మోత మొదలవుతుంది. పంటినొప్పితో మనిషి మూలిగినట్టు ఊఁ అంటుంది. వేగం పెరిగేకొద్దీ గొంతు పెంచుతుంది. ఆగి ఉన్న లారీలో యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఆ మోత రాదు. కాబట్టి షెడ్డులో నిలబెట్టి చెవి ఒగ్గిన మేస్త్రికి ఏమీ వినబడలేదు. వినబడలేదని అతను ఊరికే కూర్చోలేదు. ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఎయిర్ ఫిల్టరు మార్చాడు. సైలెన్సరు, ఇంజెక్టర్లు, గేరుబాక్సులో బేరింగు వరసగా మార్చుకుంటూ పోయాడు. ప్రతిదాని తరవాతా ఓనరుతో "ఇప్పుడు పర్వాలేదండి" అన్నాడు.

చివరికి ఒకరోజు డ్రైవరు విసిగిపోయి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాడు. యాభై దగ్గర మోత అందుకుంది. న్యూట్రల్ చెయ్యమన్నాడు మేస్త్రి. ఇంజను చప్పుడు తగ్గిపోయింది. మోత మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. మేస్త్రి కాసేపు ఆలోచించి, కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూశాడు.

పైనుంచి ఓనరు నవ్వుతున్నాడు.

మూడు నెలల కిందట ఆయన లారీ ఓనర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పదవి వచ్చినవాడికి ముందు బోర్డు కావాలి. పనిదేముంది, తీరినప్పుడు చూసుకోవచ్చు. ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు రేకు మీద చెయ్యి ఊపుతూ నవ్వుతున్న తన బొమ్మ వేయించి, ఇనపచట్రం కట్టించి, క్యాబిన్ నెత్తిన నిటారుగా నిలబెట్టించాడు. రోడ్డు మీది గాలి అంతా వచ్చి ఆ ముఖానికి కొట్టుకుంటోంది. ఆ ముఖాన్ని ఎదురుగాలిలో లాక్కుపోవడానికే ఇంజను తాగుతోంది. మూలిగేది ఆ రేకే. ఇందులో కనిపెట్టడానికి ఏమీ లేదు. చెప్పడమే మిగిలింది.

"నువ్వు చెప్పు బాబాయ్. పంతొమ్మిదేళ్ల నుంచీ ఉన్నావు," అన్నాడు మేస్త్రి.

"ఇరవయ్యో ఏడు కూడా ఉందామనుకుంటున్నా. నువ్వు చెప్పు, మేస్త్రివి."

"నా షెడ్డు ఉన్నది ఆయన స్థలంలో."

ఇద్దరూ ఆలోచించి, చెప్పగలిగినది ఇంటావిడ ఒక్కతే అని తేల్చారు. డ్రైవరు పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఓనరు భార్యకు సంగతి విన్నవించాడు. ఆమె అంట్లు సర్దుతూ మొత్తం విన్నది. ఆశ్చర్యపోలేదు.

"ఆ బోర్డు ముందు మా హాల్లో పెడతానన్నారు, సోఫాకు ఎదురుగా. లారీ మీదైతే నలుగురూ చూస్తారని నేనే అక్కడికెక్కించాను. ఇప్పుడు దింపితే ఎక్కడికొస్తుంది?" అంది.

ఆ విధంగా నిజం తెలిసినవాళ్లు ముగ్గురయ్యారు, చెప్పేవాడు మాత్రం తేలలేదు.

గురువారం పరీక్షకు ఓనరు గట్టి కట్టుదిట్టమే చేశాడు. మీటరు అంకె తన చేత్తో రాసుకున్నాడు. ట్యాంకు అడుగున డీజిల్ వదిలే బోల్టుకు ఎర్రరంగు పూయించాడు, ఎవరైనా తిప్పితే తెలిసిపోవాలని. మూతను పట్టించుకోలేదు. తన జీవితంలో డీజిల్ తీసేవాళ్లను చూశాడు గానీ పోసేవాళ్లను చూడలేదు.

డ్రైవరు ముందు రోజే లెక్క వేసుకున్నాడు. మూడు చొప్పున తొంభై కిలోమీటర్లకు ముప్పై లీటర్లు తాగుతుంది. అయిదు తేలాలంటే పద్దెనిమిదే తాగినట్టు కనబడాలి. తేడా పన్నెండు. సగం దూరం వెళ్లాక ఒక కల్వర్టు పక్కన ఆపి, సీటు వెనక దాచుకొచ్చిన డబ్బాల్లోంచి సరిగ్గా పన్నెండు లీటర్లు పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. ఉద్యోగం నిలబడిందనుకున్నాడు.

డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర మేస్త్రి షెడ్డు వచ్చింది. నట్లు చూస్తానని మేస్త్రి ముందే ఓనరు దగ్గర అనుమతి పుచ్చుకున్నాడు. డ్రైవరును టీ తాగి రమ్మని పంపాడు. అతనూ ఇదే లెక్క వేశాడు, పన్నెండే వచ్చింది. కాని ఇన్ని భాగాలు మార్చాక ఎంతోకొంత బాగుపడే ఉంటుందని తన పనితనానికి రెండు లీటర్లు తగ్గించుకుని పది పోశాడు. లారీ తప్పిందంటే మార్చిన భాగాలన్నీ దండగని ఊరంతా తెలుస్తుంది. అతని భయం అది.

బంకుకు రెండు కిలోమీటర్ల ఇవతల ఓనరు ఇల్లు. పరీక్ష చూడడానికి వచ్చే సంఘం సభ్యులు కూర్చోడానికి నాలుగు కుర్చీలు తెమ్మని ఆయన హుకుం. డ్రైవరు లోపలికీ బయటికీ నాలుగుసార్లు తిరిగాడు. మూడో కుర్చీకి వెళ్లినప్పుడు ఇంటావిడ జనరేటరు పక్కనున్న అయిదు లీటర్ల డబ్బా తెచ్చి ట్యాంకులో వంపేసింది. ఆమె లెక్కలేమీ వెయ్యలేదు. లారీ తుక్కుకు పోతే బోర్డు హాల్లోకి వస్తుంది, అంతే.

బంకు దగ్గర సంఘం సభ్యులు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో ఒకడు ఓనరు తోడల్లుడు. కంకర లారీలవాడు, అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడినవాడు. మేస్త్రి కూడా వచ్చి ఒక స్తంభాన్ని ఆనుకున్నాడు. బంకులో పనిచేసే నెరిసిన మీసాల పెద్దాయన పైపు పెట్టి నొక్కాడు. మూడు లీటర్లకు ట్యాంకు అంచు తగిలింది.

"ఇక పట్టదండి," అన్నాడు.

లోపల గాలి ఉందేమోనని నలుగురు చేరి లారీని అటూ ఇటూ ఊపారు. గాలి లేదు. మూడంటే మూడే. ఓనరు కాగితం మీద భాగించాడు. మళ్లీ భాగించాడు.

"ముప్పై," అన్నాడు.

"అన్నయ్యా, నా స్కూటరే నలభై ఇస్తుంది," అన్నాడు తోడల్లుడు.

అందరూ మేస్త్రి వంక చూశారు. డ్రైవరు పోసిన సంగతి మేస్త్రికి తెలియదు. తను పోసింది పదే. మిగతాది నిజంగానే తన చేతి చలవేమోనని అతనికి ఒక ఆశ కూడా కలిగింది. కొత్త ఇంజెక్టర్లు అక్కర్లేని డీజిల్‌ను రిటర్న్ పైపులో మళ్లీ ట్యాంకులోకి పంపేస్తాయని చెప్పాడు. అది అబద్ధం కాదు, ఏ డీజిల్ ఇంజనైనా కొంచెం వెనక్కి పంపుతుంది. దాదాపు అంతా పంపేసి ఊరికే నడవదు. ఆ ముక్క అతను చెప్పలేదు.

ఓనరు సంతోషం రెండు నిమిషాలు నిలిచింది. తరవాత ఆయన బుర్రలో లెక్క వెనక్కి నడిచింది. డ్రైవరును దగ్గరికి పిలిచాడు.

"మూడు నెలలుగా మూడే ఇస్తోందన్నావు."

"అవునండి."

"ముప్పై ఇచ్చే బండి నీ చేతిలో మూడెందుకిచ్చిందిరా? మిగతాది ఎవరింటికి పోయింది?"

పంతొమ్మిదేళ్లలో ఆయన డ్రైవరును సోమరి అన్నాడు, మొండి అన్నాడు. దొంగ అనలేదు. ఇప్పుడు నలుగురి ముందు, ఆ నలుగురికీ కుర్చీలు మోసుకొచ్చినవాణ్ని అన్నాడు. డ్రైవరు ఇక దాచలేదు. దారిలో తనే పన్నెండు లీటర్లు పోశానని ఒప్పుకున్నాడు.

ఓనరు ఆ పన్నెండూ కలిపి మళ్లీ భాగించాడు. పదిహేను లీటర్లు. లీటరుకు ఆరు.

"ఆరన్నా పాసే. నేనడిగింది అయిదు," అన్నాడు. "పన్నెండు లీటర్లు తెచ్చి పోశావంటే నీ ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయి?"

డ్రైవరు మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి బంకు కప్పు వంక చూస్తున్నాడు. పోయేది ఎలాగూ పోయింది, ఇక నోరు కట్టుకుని లాభమేమిటని డ్రైవరుకు అనిపించింది.

"బోర్డండి," అన్నాడు. "ఆ మోత మీ బోర్డుది. తాగేదీ మీ బోర్డే. అది గాలికి అడ్డం నిలబడి ఉన్నంతకాలం ఈ బండి మూడు దాటదు. ఈ మాట మేస్త్రికి తెలుసు, అమ్మగారికి తెలుసు. మీకొక్కరికే తెలీదు."

అమ్మగారికి తెలుసన్న మాట ఓనరు చెవిదాకా చేరలేదు, 'మీ బోర్డు' అన్న దగ్గరే ఆయన ఆగిపోయాడు. తోడల్లుడు మాత్రం ఉత్సాహంగా కుర్చీ ముందుకు జరుపుకుని, దింపి చూస్తే పోయేదేముందన్నాడు. సభ్యుల ముందు కాదనలేక ఓనరు సరేనన్నాడు. ఆ రెండో పరీక్ష తేలేదాకా తుక్కువాళ్లను ఒకరోజు ఆగమన్నాడు.

బోర్డు విప్పడానికి షెడ్డుకు వెళ్లినప్పుడు డ్రైవరు సూటిగా అడిగాడు. "నువ్వూ పోశావా?"

"పది," అన్నాడు మేస్త్రి.

"అయితే పోయి చెప్పు."

"చెబితే మైలేజీ మూడున్నరకు దిగుతుంది. బండి తుక్కుకు పోతుంది, నీ పని పోతుంది. నీ కోసమే నోరు మూసుకున్నా బాబాయ్."

"దొంగనన్నాడయ్యా నన్ను."

"దొంగ అంటే కోపం తగ్గాక మరిచిపోతారు. తుక్కు అట్లా కాదు."

ఇలాంటి స్నేహితులు ఉన్నవాడికి ఓనరు అక్కర్లేదు.

శుక్రవారం బోర్డు లేకుండా లారీ అదే దారి పట్టింది. ఈసారి ఓనరే పక్కన కూర్చున్నాడు. నలభై దాటింది, యాభై దాటింది. మోత లేదు. పెట్టెలో స్పానరు దొర్లితే వినబడింది. తిరిగొచ్చాక ట్యాంకు సరిగ్గా పద్దెనిమిది పట్టింది. లీటరుకు అయిదు. డ్రైవరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బోర్డు గురించి అతను చెప్పిన మాట అంకెల్లో నిలబడింది.

ఓనరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. బోర్డుతో, డ్రైవరు పోసింది కలిపితే, ఆరు. బోర్డు లేకుండా అయిదు. ఇంటికి ఫోను చేసి భార్యను కూడా అడిగాడు. పొద్దుటి నుంచి బోర్డు హాల్లో సోఫాకు ఎదురుగా ఆనించి ఉంది. ఆమె ఆ నవ్వు ఎదుటే టీ తాగింది, ఆ నవ్వు ఎదుటే కూర తరిగింది.

"ఆరే ఎక్కువండి," అంది వెంటనే. "త్వరగా ఎక్కించెయ్యండి."

ఓనరు ఫోను పెట్టేసి డ్రైవరు వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, లెక్క తేలిన మనిషి ప్రశాంతత ఉంది. "బోర్డు వల్ల ఒక కిలోమీటరు పెరిగిందే గాని తగ్గలేదు. బండిలో మేస్త్రి అన్నీ మార్చాడు. మార్చనిది నువ్వొక్కడివే."

డ్రైవరు తాళంచెవి సీటు మీద పెట్టి దిగాడు.

శనివారం పొద్దున తోడల్లుడు డ్రైవరు ఇంటికే వచ్చాడు. దొంగతనం సంగతి తనకక్కర్లేదన్నాడు, లీటరుకు ముప్పై ఎలా తెప్పించాడో అది కావాలన్నాడు. డ్రైవరు అతనికి కుర్చీ వేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తన పన్నెండు, మేస్త్రి పది. మిగిలిన అయిదు ఎక్కణ్నుంచి వచ్చాయో తనకూ తెలియదన్నాడు. తోడల్లుడు అంతా విని, తెలివిగా నవ్వి, భుజం తట్టాడు.

"చెప్పొద్దులే. అలాంటివి ఎవరూ చెప్పరు. సోమవారం నుంచి రా."

ముసలి లారీకి ఇప్పుడు కొత్త డ్రైవరు, పాత బోర్డు. మళ్లీ మూడే ఇస్తోందని ఓనరు దాన్ని షెడ్డుకు పంపాడు. మేస్త్రి ఫ్యాన్ బెల్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

కంకర లారీ లీటరుకు నాలుగిస్తోంది. తోడల్లుడు ఓపికగా ఎదురుచూస్తున్నాడు.