చనిపోయిన గట్టయ్య రేపు రావాలి

దసరా పొద్దున దయాకర్‌కు ఉన్న పని చిన్నదే. కంప్యూటర్‌కు బొట్టు పెట్టాలి, హారతి ఇవ్వాలి, బీమా కంపెనీ మనిషి చందూలాల్ రాగానే దాని పాస్‌వర్డ్ ఎంత గట్టిదో చూపించాలి. మహబూబాబాద్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు ప్రైవేటు దవాఖానల్లో రోగుల వివరాలు ఎక్కడ దొంగల చేతికి చిక్కకుండా ఉంటాయో పోల్చి చూడటానికి ఆయన వస్తున్నాడు. గెలిచిన దవాఖానకే బీమా రోగులు. ఓడితే మూసేస్తానని డాక్టర్ ముందే చెప్పాడు. దయాకర్ గుమాస్తా ఉద్యోగం కూడా అంతటితో సరి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, రోగుల్లేరు. ఖాళీ వార్డులో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినబడటం లేదు. దయాకర్ కర్పూరం వెలిగించాడు. మౌస్‌ను ఎవరూ ముట్టలేదు, కానీ తెర మీద బాణం గుర్తు మెల్లగా కదిలింది. వెతుక్కుంటూ పోయి ఒక పేరు దగ్గర ఆగింది. గట్టయ్య. మొన్న మూలమంచం మీద కన్నుమూసిన మనిషి. పేరు పక్కన 'మరణించాడు' అన్న మాట అక్షరం వెంట అక్షరం చెరిగిపోయింది. ఆ చోట 'రేపు రావాలి' అని పడింది.

"మంగ్లీ! జర ఇటు రా!"

నర్సు మంగ్లీ చూసి గోడకు అతుక్కుపోయింది. "అన్నా, గాయన ఆఖరుకు మంచినీళ్లడిగిండు. నేను తెచ్చేలోపల్నే పానం పోయింది."

"మరి ఇప్పుడన్న ఇయ్యి!"

ఆమె చెంబెడు నీళ్లు తెర ముందు పెట్టింది. బాణం చెంబు వైపు జరిగింది.

"గట్టయ్య బాపూ, తప్పయింది!" అంటూ దయాకర్ సాగిలపడబోయాడు. చెంబు కీబోర్డు మీద ఒలికింది. చటుక్కున కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మసకలో హారతి మంట ఒక్కటే మిగిలింది.

"ఏందిది?" అన్నాడు గుమ్మంలో చందూలాల్. "భద్రత చూద్దామని వస్తే కంప్యూటర్‌కు దినం చేస్తున్నరు?"

ఆయన వెనకే ఎదుటి దవాఖాన గుమాస్తా రమాదేవి దూసుకొచ్చింది. "దయాకరన్నా, మా కంప్యూటర్ల జొరబడి మా గట్టయ్యను సంపింది నువ్వేనా? పొద్దున ఇంటికాడ్నించి మా కంప్యూటర్ తెరిస్తే సచ్చిండని ఉన్నది. రేపు చూపించుకోనీకె వచ్చే మనిషాయె! ఇప్పుడే నేను దిద్దిన."

చనిపోయింది వేరే గట్టయ్య. ఇంటి నుంచే కంప్యూటర్ తెరిచే ఏర్పాటును రెండు దవాఖానలకూ ఒకే మెకానిక్ చేశాడు. రమాదేవి తమది అనుకుని దయాకర్‌ది నొక్కింది. రెండింటి పాస్‌వర్డూ కురవి వీరన్న పేరే కాబట్టి అడ్డేమీ రాలేదు. వీరన్న తమను కాపాడతాడని దయాకర్ నమ్మకం. ఎదుటివాళ్లకూ ఆయనే దేవుడన్న సంగతి అతనికి అప్పుడే తోచింది.

"కొత్తవి పెట్టున్రి," అన్నాడు చందూలాల్. "ఒకరిదొకరు చూడొద్దు. నేను ఒక్కపారే చూస్త. ఎవరిది తెరుచుకోకుంటే వాళ్లకే రోగులు."

కరెంటు వచ్చింది. రమాదేవి తమ దవాఖానకు పోయి పాస్‌వర్డ్ మార్చింది. దయాకర్ కీబోర్డు తుడిచి, కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి కొత్తది పెట్టాడు. చందూలాల్ 'జై తెలంగాణ' అని కొట్టాడు. తెరుచుకుంది. రోడ్డు దాటి రమాదేవి కంప్యూటర్‌లోనూ అదే కొట్టాడు. అదీ తెరుచుకుంది.

"ఎట్ల కనుక్కున్నరు సేఠ్?" అన్నాడు వెనకే వచ్చిన దయాకర్.

చందూలాల్ ముఖం పాలిపోయింది. "రోగులను చెరిసగం పంచుకోన్రి," అని, బయటికి వెళ్లి ఆఫీసుకు ఫోన్ చేసి, తన పాస్‌వర్డ్ వెంటనే మార్చమన్నాడు.