వెనక సీటు సహన పరీక్ష

మనిషి వెన్నెముక ఒక్కసారిగా పైకి ఎగిరితే ఎంతవరకు ఓర్చుకుంటుందో తేల్చడానికి పెద్ద దేశాలు యుద్ధవిమానాలకు ఎగిరే సీట్లు బిగించాయి. మన జిల్లా ఆ పని ఒక ప్రైవేటు బస్సుతో కానిచ్చింది.

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వచ్చే ఆ బస్సులో ఎండుచేపల బుట్టలకు వెనక సీటే. బుట్ట ఎక్కడో మనిషీ అక్కడే. ఊరి బయటి స్పీడు బ్రేకరు దగ్గర డ్రైవరు ధనరాజ్ వేగం తగ్గించడు (తగ్గిస్తే మళ్ళీ పెంచాలి కదా). చేపలమ్మే చిన్నతల్లి రోజూ అక్కడ గాల్లోకి లేస్తుంది.

ఆవిడకు నడుం పట్టేసింది. బుట్ట ఎత్తలేని రోజున బతుకుదెరువే ఆగిపోతుంది. అందుకని ఆకస్మిక ఊర్ధ్వగమన సహన మండలికి వెళ్ళింది. (అలాంటి మండలి ఒకటుందని మండలికి కూడా అప్పుడే గుర్తొచ్చింది.)

అధ్యక్షులు చంద్రశేఖరం గారు గోడ మీది పైలట్ బొమ్మ చూపించారు.

"అమ్మా, విమానంలోంచి సీటుతో సహా ఎగిరేటప్పుడు పైలట్ మీద తన బరువుకు పన్నెండు రెట్లకు పైనే భారం పడుతుంది. అయినా వీపు నిటారుగా పెట్టి, తల వెనక్కి ఆనించి, బెల్టు బిగించుకుని తట్టుకుంటాడు. మీరెలా కూర్చుంటారు?"

"బుట్ట మీదకి వొంగి, బాబూ. నేకపోతే సేపలెగిరిపోవా?"

"భంగిమ తప్పు," అని రాసుకున్నారాయన. "పైలట్ పారాచూట్‌తో దిగుతాడు. మరి మీరు?"

"అదే సీటు మీదకి."

"దిగిన పైలట్‌ని నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళి వెన్నుకు ఎక్స్‌రే తీస్తారు. కొందరినైతే మళ్ళీ విమానమే ఎక్కనివ్వరు."

"నాకు సాయంత్రం అదే బస్సున్నాది బాబూ. ముందు సీట్లో కూకోనిమ్మని సెప్పండి, సాలు."

ధనరాజ్‌ని పిలిపించారు.

"సేపల బుట్ట ముందుకొస్తే జనమంతా ఎనక్కెళ్ళిపోతారు సార్. ఆళ్ళ నడుములు తమరు సూస్తారేటి?"

వాదనలో బలముంది. దాంతో అధ్యక్షులే స్వయంగా వెనక సీటు పరీక్షకు సిద్ధపడ్డారు. తలకు హెల్మెట్, మెడకు పట్టీ, కింద రెండు దిళ్ళు. పక్కనే బుట్టతో చిన్నతల్లి.

"బాబూ, రాడ్డు అట్టుకోండి. ఒస్తన్నాది."

"శాస్త్రప్రకారం చేతులు ఒళ్ళో ఉండాలమ్మా," అన్నారాయన. ఆ ప్రయాణంలో అదే ఆయన చివరి వాక్యం.

మండలి తీర్పు ఆస్పత్రి మంచం మీది నుంచి వెలువడింది: సకల రక్షణలతో కూర్చున్న అధికారి ఒక్క కుదుపుకే లేవలేకపోయారు. ఏ రక్షణా లేని ఫిర్యాదుదారు మర్నాడు కూడా అదే సీట్లో వచ్చారు. కాబట్టి సీటులో లోపం లేదు. అధికారులు మాత్రం అందులో కూర్చోరాదు.