జోల పద్యాలకు ఆగిన బస్సులు

ఆ ఉదయం బస్టాండు అనౌన్సర్ ఒక పథకం వేసుకుని డ్యూటీకి వచ్చాడు. మర్నాటి నుంచి అతనికి రాత్రి డ్యూటీ. మూడేళ్ల కూతురు చిట్టి, నాన్న పక్కన కూర్చుని పద్యాలు చెబితే తప్ప పడుకోదు. "దాన్ని పడుకోబెట్టే దారి మీరే చూడండి, నా వల్ల కాదు," అని భార్య తేల్చి చెప్పేసింది. అందుకే తన అద్దాల గదిలో తలుపు మూసుకుని, మైకుకు తగిలించిన యంత్రంలో పద్యాలు రికార్డు చేయాలనుకున్నాడు.

ప్లాట్‌ఫారాల మీటలన్నీ కట్టేశాడు. డ్రైవర్ల విశ్రాంతి గదికి మాత్రం మీటే లేదు. కునికే డ్రైవర్లను లేపడానికే కాబట్టి ఆ లైను ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు.

"మబ్బూ మబ్బూ పక్క పరచు, గాలీ గాలీ గొంతు తగ్గించు..."

తరాలుగా ఇంట్లో చెప్పుకుంటున్న పద్యాలన్నీ మెత్తగా చదివాడు. ఎలా వచ్చిందోనని మళ్లీ పెట్టుకుని వింటుంటే తలుపు ధడాలున తెరుచుకుంది. కంట్రోలర్! అనౌన్సర్ చటుక్కున యంత్రం ఆపేశాడు.

"ఒక్క బస్సూ కదల్లేదయ్యా! డ్రైవర్లంతా బెంచీల మీద వరసగా పడుకున్నారు. పిలిస్తే పలకరు. సమ్మె గానీ మొదలెట్టారా?"

"నాతో ఒక్క మాటైనా అన్లేదు సార్!"

"సరే, నేనే వెళ్లి గడ్డం పట్టుకుని బతిమాలతా."

అతను వెళ్లగానే అనౌన్సర్ మిగతా పద్యాలు పెట్టుకున్నాడు. బతిమాలడానికి వెళ్లిన కంట్రోలర్ తిరిగి రాలేదు.

"సార్‌ని లోపల బంధించేశారు!" అని టీ కొట్టువాడు కేక పెట్టాడు. ప్రయాణికులు మూటాముల్లెలతో అద్దాల గదిని చుట్టుముట్టారు. బజారుకు వెళ్లే బస్సు కోసం చూసి చూసి విసిగిపోయిన భార్య కూడా, చిట్టిని చంకనేసుకుని ఆ గుంపులోంచే దూరి వచ్చింది.

"ఈ గోల తర్వాత. ముందా పద్యాలు వినిపించండి. ఇది పడుకుంటుందో లేదో ఇక్కడే తేలిపోవాలి."

వినిపించాడు. చిట్టి కళ్లు చక్రాల్లా విప్పారాయి. "నాన్న పెట్టెలో దూరాడు! మళ్లీ! మళ్లీ!" అంటూ బల్లెక్కి గంతులేసింది.

"బాగుంది సంబడం! రేపట్నుంచి నాకు జాగారమే," అంది భార్య.

బయట అద్దం మీద గుద్దులు ఎక్కువయ్యాయి. అనౌన్సర్ చెమట తుడుచుకుని, మీటలన్నీ వేసి, ఉద్యోగపు గొంతు అందుకున్నాడు.

"ప్రయాణికులకు గమనిక. అన్ని బస్సులూ ఆలస్యంగా బయలుదేరును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

విశ్రాంతి గది తలుపు భళ్లున తెరుచుకుంది. ఏళ్ల తరబడి ఆ గొంతుకే ఉలిక్కిపడి లేచే డ్రైవర్లు, ఒకరి చెప్పులొకరు తొడుక్కుని బస్సుల వైపు పరుగెత్తారు. వెనకాలే కళ్లు నులుముకుంటూ కంట్రోలర్. "నచ్చజెప్పాను! సమ్మె విరమించారు!" అని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు.

అనౌన్సర్ మైకు కట్టేయబోతే భార్య చెయ్యి పట్టుకుంది.

"ఆపకండీ!" అంది గుసగుసగా. "ఆ చింతిస్తున్నాము ఇంకోసారి అనండి, ఈసారి యంత్రంలో రికార్డు చేస్తూ."

ఆమె భుజం మీద చిట్టి నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పొద్దుగూకాక ఏ బస్సూ వేళకు బయలుదేరడం లేదు.