గోలు పెట్టుకున్న పిల్లకు ఉరుకుడెందుకు?

ఈ దేశంలో యువతను చెడగొడుతున్నది ఎవరు? మీరే! పొద్దున్నే లేవమని, చదవమని, చెమటోడ్చమని పిల్లల ప్రాణాలు తోడేస్తున్న మీరే! పాపం, వాళ్లు ముచ్చటపడి ఒక లక్ష్యం పెట్టుకుంటారు. అంతే, దాని వెంటపడి ఉరకమంటారు. మీకు జాలి లేదా? దయ లేదా?

అసలు లక్ష్యం, అదే మీ ఇంగ్లీషు గోలు, అంటే ఏమిటి? పెట్టుకునేది. పెట్టుకున్నాక ఇంకా చేయడానికి ఏం మిగిలింది? గోడకు దేవుడి పటం పెట్టుకుంటాం. పెట్టుకున్నాక దేవుణ్ని పట్టుకొస్తానని ఎవరైనా గోడెక్కుతారా?

ఇంత చిన్న సంగతి పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకు తట్టలేదు. ఇబ్రహీంపట్నంలో ఒక వాడకు తట్టింది. తట్టించినవాడు జైపాల్.

జైపాల్ తల నెరిసింది. అయినా ఇప్పటికీ యువజన సంఘం అధ్యక్షుడే! యువత ముసలిదైపోతే సంఘం ఏం చేస్తుంది? అతని అక్క నర్సింహమ్మ చెరువు చేపలు అమ్ముతుంది. ఆమె బిడ్డ శివాని శేరిగూడలో ఇంజనీరింగ్ పూర్తి చేసింది. ఒకనాడు ముగ్గురూ అన్నం తింటుండగా ఆ పిల్ల నోరు జారింది.

"అమ్మా, నేను కానిస్టేబుల్ కొడత."

"కొట్టు బిడ్డా. గింత పులుసు ఏసుకో" అంది నర్సింహమ్మ, చేప ముల్లు పక్కన పెడుతూ.

జైపాల్ మాత్రం పీట మీంచి లేచి నిలబడ్డాడు. "అక్కా, ఇన్నవా? మనింట్ల గోలు పుట్టిందే!" అని ఎంగిలి చేత్తోనే ఫ్లెక్సీ షాపుకు ఫోన్ కొట్టాడు.

మర్నాడు చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. 'కానిస్టేబుల్ కావాలని లక్ష్యం పెట్టుకున్న శివానికి హార్దిక శుభాకాంక్షలు.' నడుమ నిలువెత్తు జైపాల్, చేతులు జోడించి నవ్వుతున్నాడు. చుట్టూ నాయకుల తలకాయలు ద్రాక్షగుత్తిలా వేలాడుతున్నాయి. శివాని ఎక్కడుందో కనబడక నర్సింహమ్మ చాలాసేపు వెతికింది. కింద మూలన ఉంది. ఖాకీ బట్టలేసుకున్న ఆడపిల్ల ఫోటో దొరక్క షాపువాడు ఎవరో పాత హెడ్ కానిస్టేబుల్ ఒంటికి పిల్ల తలకాయ అతికించాడు. పొట్ట బెల్టు మీదికి జారి ఉంది.

"మామా, గా పొట్ట నాది గాదు" అంది శివాని.

"అయితది తియ్యే. సర్వీసుల పడ్డంక అందరికి వస్తది."

చూశారా ముందుచూపు!

ఆ వెంటనే స్కూలు మైదానంలో టెంటు లేచింది. సన్మానం! సాధించినవాళ్లకు సన్మానం చేయడంలో గొప్పేముంది? అది ఎవరైనా చేస్తారు. అనుకున్నవాళ్లకు చేయడంలోనే ఉంది దమ్ము. యువజన సంఘం చేసింది. కుల సంఘం ఊరుకుంటుందా? చేసింది. మహిళా సంఘం చేసింది. చౌరస్తా ఆటో డ్రైవర్లు చేశారు. ఆటోలకూ లక్ష్యానికీ ఏమిటి సంబంధం అని అడిగేవాళ్లు ఎప్పటికీ పైకి రారు, రాసిపెట్టుకోండి.

శాలువాలు ఇంట్లో పెట్టడానికి చోటు చాలలేదు. నర్సింహమ్మ జరీ శాలువాలు చేపల గంప మీద కప్పి బజారుకు పోతోంది. బొచ్చె చేపలు అంత మర్యాదగా ఇంకెక్కడైనా అమ్ముడుపోయాయా?

ఇక వాడంతా లేచింది. మా పిల్లలకు గోలు లేదా, మేమేం పాపం చేశాం అని తల్లిదండ్రులు జైపాల్ ఇంటి ముందు బారులు తీరారు. రితేష్ కలెక్టర్ అవుతానన్నాడు. అతనికి శివానికంటే పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అది చూసి వికాస్ నేరుగా చంద్రుడి మీదికి పోతానన్నాడు. డిగ్రీలో తప్పిన సబ్జెక్టుల సంగతేమిట్రా అని ఒక్కరు కూడా అడగలేదు. చంద్రుడి మీద సప్లిమెంటరీ ఉండదు కదా!

సిద్దయ్య తాత కూడా వచ్చాడు. పెద్దవయసు, కర్ర ఊతం.

"నాది గూడ ఒకటి కొట్టియ్యి జైపాలూ. నిండ నూరేండ్లు బతుకుడు నా గోలు."

ఆయనకూ శాలువా పడింది. నిజం చెప్పాలంటే ఆ వాడలో గోలు కోసం రోజూ కష్టపడుతున్నవాడు ఆయనొక్కడే. ఊపిరి పీల్చడం మానలేదు.

అదే వాడలో మహేశ్వరి అనే అమ్మాయి ఉంది. ఎవరికీ చెప్పకుండా చదువుకుంది. ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసింది. సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగం తెచ్చుకుంది.

"మామా, మహేశ్వరక్కకు ఫ్లెక్సీ పెట్టవా?" అని శివాని అడిగింది.

"ఏమని పెట్టాలె? ఆమెకిప్పుడు గోలే లేదు. అయిపాయె."

వాడంతా మహేశ్వరిని చూసి నిట్టూర్చింది. వయసులో ఉన్న పిల్ల, చేతిలో ఒక్క గోలు కూడా లేకుండా, పాపం, రోజూ డ్యూటీకి పోతోంది!

ఇక శివాని సంగతి. ఈ పిల్లకు ఒక చెడ్డ అలవాటు ఉంది. పొద్దున్నే లేచి పరుగెత్తుతుంది. పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష ఒక్కటే చాలదట, పరుగు పందెం కూడా గెలవాలట. అందుకని స్కూలు మైదానం చుట్టూ తిరిగేది. కానీ మైదానంలో రోజుకొక సన్మానం ఉన్నప్పుడు టెంటు విప్పడమెందుకు, మళ్లీ కట్టడమెందుకు? టెంటు అక్కడే ఉండిపోయింది. గుంజలు నాటారు. గాలికి ఊగితే ఇంకో చోట తవ్వి నాటారు. పాత గుంతలు పాతచోటే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకనాడు వాటిలో ఒకటి శివాని కాలు పట్టుకుంది. మడమ వాచింది.

వాచిన కాలితో ఆ రోజు సన్మానానికి కుంటుకుంటూ వచ్చింది. ఆ రోజు మోటివేషన్ చెప్పే సారు ఒకాయన వచ్చాడు. నల్ల కోటు, చెవికి మైకు.

"అందరూ కళ్లు మూసుకోండి! మీ గోలును చూడండి! దానివైపు పరుగెత్తండి!"

"కండ్లు మూసుకొని ఉరికితే గుంతల పడ్తం సార్" అంది శివాని.

"వాట్ ఎ పాజిటివ్ యాటిట్యూడ్!" అని సారు చప్పట్లు కొట్టించాడు. అప్పటికే సగం మంది కళ్లు మూసుకుని గురక పెడుతున్నారు. అంత ఫోకస్ చూసి సారు కళ్లు చెమర్చాయి.

మడమ తగ్గాక పిల్ల బొంగులూరు వైపు పోవడం మొదలుపెట్టింది. అక్కడ వెంచర్లలో ఇళ్లు లేవు, మనుషులు లేరు, తారు రోడ్లు మాత్రం నున్నగా పరిచి ఉన్నాయి. ప్లాట్ల రాళ్ల మధ్య ఒంటరిగా ఉరికేది. ఎవరో చూసి జైపాల్‌కు చెప్పారు. కారేసుకొచ్చి అడ్డంపడ్డాడు.

"ఏందే ఇది? జనం చూస్తే ఏమనుకుంటరు? గోలు లేనిదాని లెక్క గిట్ల ఉరుకుతవా?"

"ఉరకకుంటే ఉద్యోగం ఎట్లొస్తది మామా?"

"ఉద్యోగం యాడికి పోదే! మొఖమంత నల్లవడ్డది, సాయంత్రం ఫోటోల ఏం మంచిగొస్తవ్? కారెక్కు."

ఎక్కింది. మేనమామ మాట కాదనగలదా? కానీ ఆ పిల్ల మొండిది. సన్మానానికీ సన్మానానికీ మధ్య, మెడలో బంతిపూల దండ ఊగుతుండగానే, సందుల్లో పడి ఉరికేది. వాడ ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్లు. దండ వేసిన వాళ్లను కొట్టి పారిపోతోందనుకున్నారు కొందరు.

రాత పరీక్ష పాసైంది. పరుగుకు పిలుపొచ్చింది. సిటీలో గ్రౌండు, పొద్దున్నే హాజరు కావాలి, ఆలస్యమైతే గేటు మూస్తారు. నర్సింహమ్మ మొదటి బస్సుకు పోవే అంది. జైపాల్ మండిపడ్డాడు.

"బస్సా? మన పిల్ల గోలుకు పోతుంటే బస్సుల పోతదా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ర్యాలీ! చీకటి విడవకముందే డీజే మోగింది. పైకప్పు లేని జీపులో శివాని నిలబడింది. ముందు బైకులు, వెనుక ఆటోలు. ప్రతి చౌరస్తాలో దండ, ప్రతి మలుపులో కొబ్బరికాయ, ప్రతి దండకూ ఒక ఫోటో, ప్రతి ఫోటోకూ జైపాల్ జుట్టు దువ్వుకోవడం. బొంగులూరు దగ్గరికి వచ్చేసరికి ఎండ పడింది. అక్కడ డీజే బండి ఆగింది. బండిలో డీజిల్ అయిపోయింది.

శివాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామా, గేటు మూస్తరు. నేను బస్సెక్కుత."

"నువ్వు లేకుంటే ర్యాలీ ఎట్లనే?"

"నడుస్తది మామా. నేనున్నట్టు ఎవలకన్న తెలుస్తున్నదా?"

జీపు మీంచి దూకింది. బైకుల పక్కగా ఉరికి, కదులుతున్న సిటీ బస్సు పట్టుకుంది. డీజిల్ పోశాక ర్యాలీ మళ్లీ బయల్దేరింది. దండలు జీపు అద్దానికి వేశారు. ఎక్కడా లోటు జరగలేదు.

గ్రౌండు గేటు మూసి ఉంది. అటువైపున్న పోలీసాయన పిల్లను, ఆమె మెడలోని దండలను ఎగాదిగా చూశాడు.

"టైమైపోయిందమ్మా. పెండ్లికెళ్లి వస్తున్నవా?"

"కాదు సార్. సన్మానంకెళ్లి."

"దేనికి సన్మానం?"

"గీడికి రావాలనుకున్నందుకు సార్."

గేటు తెరుచుకోలేదు. లోపల వేరే ఊళ్ల పిల్లలు పరుగెత్తుతున్న చప్పుడు వింటూ కాసేపు కమ్మీలు పట్టుకుని నిలబడింది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చేనాటికి వయసు దాటుతుందో లేదో ఎవరికి తెలుసు?

వాడకు వచ్చేసరికి మైదానంలో టెంటు వెలిగిపోతోంది! గేటు మూసిన కబురు ఫోన్‌లో ముందే అందుకున్న జైపాల్ మైకు పట్టుకుని ఉప్పొంగిపోతున్నాడు.

"మంచిదే అయింది! లోపటికి పోతే ఏమైతుండె? గెలిస్తే గోలు పోతుండె, ఓడితే పరువు పోతుండె. మా శివాని రెండిటిని కాపాడింది! గోలు ఎట్లున్నది అట్లనే ఉన్నది!"

చప్పట్లు మోగిపోయాయి. ఇన్ని సన్మానాల్లో ఆమె చేతికి మైకు రావడం అదే మొదటిసారి.

"అందరికి నమస్తే. నాకు పొద్దుగాల ఉరికేందుకు జాగ గావాలె."

చప్పట్లు.

"చప్పట్లు గాదు. జాగ."

ఇంకా గట్టిగా చప్పట్లు. శివాని మైకు కింద పెట్టింది. నేరుగా మూలనున్న గుంజ దగ్గరికి పోయి తాడు ముడి విప్పసాగింది. మేనమామ "ఏయ్, ఏయ్!" అని అరుస్తున్నాడు. నర్సింహమ్మ చీర కొంగు నడుముకు చెక్కి ముందుకు వచ్చింది.

"ఆ కొసది నువ్వు పీకు బిడ్డా. ఈ కొసది నేను పీకుత."

టెంటు ముందు ఒక పక్కకు వంగింది, తర్వాత అతిథుల మీద మెల్లగా కూర్చుంది. గుడ్డ కింద నుంచి ఇంకా ఎవరో చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

తల్లీకూతుళ్లు చేసింది ఘోరం! క్రమశిక్షణ లేదు, పెద్దల మీద గౌరవం లేదు అని మీరంటారు. అనండి. కానీ ఆ గుడ్డ కింద ఎవరున్నారు? మీరే కదా! దండ వేశారు, ఫోటో దిగారు, స్టేటస్ పెట్టుకున్నారు. ఆ పిల్ల మడమ వాచిన రోజు ఒక్కడైనా గుంతలోకి తొంగి చూశాడా? చిన్న పోరగాళ్లు కనబడగానే పెద్దయ్యాక ఏమైతవురా అని గడ్డం పట్టుకుని అడుగుతారు. దానికి నీకేం కావాలిరా అని ఎన్నడైనా అడిగారా?

శివాని అడక్కముందే చెప్పింది. జాగా అంది. మీ డబ్బు అడగలేదు, మీ సిఫార్సు అడగలేదు. పిల్లలది కాని మైదానం ఎక్కడైనా ఉందా? దాన్ని పిల్లలకే ఇవ్వడానికి మీకు మళ్లీ ఒక సభ కావాలా?

గుంజలు పీకండి. కుర్చీలు మోసుకుపొండి. ఒక్కొక్క గుంతా మట్టి పోసి, తొక్కి, గట్టిచేయండి. రేపు అనకండి, రేపు పొద్దున్నే ఆ పిల్ల ఉరకాలి. ఇప్పుడే రండి. పారలు మీరే తెచ్చుకోండి.