నోరు విప్పని జ్ఞానులు

ఇట్ల రాండమ్మా, ఆ చలిలో వాకిట్లో ఎందుకు, నా పక్కకు జరిగి కూర్చోండి. పెనుకొండలో మారెమ్మ ఇంటికి జ్ఞానులు వచ్చిన సంగతి చెప్తాను. వచ్చినారనాలో, రాలేదనాలో మీరే తేల్చండి.

ఆ రోజు జనవరి ఆరు, ప్రత్యక్షత పండుగ. బాలయేసును చూడడానికి తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని పట్టుకుని వచ్చిన రోజు. మారెమ్మ వాళ్ళ సంఘంలో ఒక ఆచారముంది. ఆ ఏడు పుట్టిన బిడ్డ ఇంటికి బయటి ఊళ్ళ నుంచి ముగ్గురు పిల్లగాళ్ళు జ్ఞానుల వేషంలో వస్తారు. బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చి, దీపాలు పెట్టేలోపల బిడ్డను పేరు పెట్టి పిలుస్తారు. పేరేమిటో పాస్టరయ్య ముందే చెప్తాడు గానీ ఇల్లు యాడుందో చెప్పడు. మిగతావాళ్ళంతా క్రిస్మస్ నక్షత్రాలు దించేస్తారు, బిడ్డ ఉన్న ఇంటి మీద ఒక్కటే వెలుగుతుంటుంది. దాన్ని చూసుకుని రావాలి. దారి అడగకూడదు. ఆనాడు జ్ఞానులు పోయి పోయి రాజును దారి అడిగినందుకే కదా పసిబిడ్డల ప్రాణాల మీదికి వచ్చింది! అందుకని ఇక్కడి జ్ఞానులు బిడ్డను చూసేదాకా నోరే విప్పరు.

మారెమ్మ మనవడు ఏడో నెలలోనే పుట్టాడు, పిల్లికూన అంత. హిందూపురం ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఆమె కన్ను మూయలేదు. జ్ఞానులు చూసి పేరు పిలిచేదాకా బయటివాళ్ళకు బిడ్డ మొహం చూపనని మొక్కుకుంది. ఈ పొద్దు తప్పితే మళ్ళీ ఏడాది దాకా బిడ్డకు పేరు లేదు.

పొద్దున్నే ఉగ్గాని తిని, వంటకు పొయ్యి రాజేసి, తలెత్తి చూస్తే ఇంటి మీద నక్షత్రం ఆరిపోయి ఉంది.

"రే లోకేషూ! కొంప మునిగింది రా! నక్షత్రం దించి ఎత్తుకొని పరుగెత్తు!" అని కొడుకును తరిమింది.

లోకేష్ దాన్ని బజారులో కృష్ణమూర్తి కరెంటు సామాన్ల అంగడికి తీసుకుపోయాడు. కృష్ణమూర్తి బేరాలన్నీ అయినాక, మధ్యాహ్నం దాటినాక వైరు మార్చి, "కొంచేపు వెలగనీప్పా. మళ్ళీ ఆరిపోతే నీకు తిట్లు, నాకు చెడ్డపేరు" అని అంగడి మీదున్న తన ఇంటి కిటికీకి తగిలించాడు. సరే, ఆలోపల కుర్చీలు తెస్తానని లోకేష్ పోయాడు.

అంతలోనే జ్ఞానులు బస్సు దిగారు. హిందూపురం వాడొకడు, ధర్మవరం వాడొకడు, ముదిగుబ్బ వాడొకడు. దూది గడ్డాలు, అట్ట కిరీటాలు, వాళ్ళమ్మల పట్టుచీరలు. బజారులో తలెత్తగానే నక్షత్రం! నేరుగా మేడ ఎక్కేశారు.

తలుపు తీసింది కృష్ణమూర్తి భార్య కస్తూరి. "ఎవురప్పా మీరు?"

ముగ్గురూ నక్షత్రం వైపు, పైకి వేలు చూపించారు.

"పైనా? పైన మా అల్లుడు నిద్రపోతాండాడు. వానితో మీకేం పని?"

హిందూపురం వాడి చేతిలో సాంబ్రాణి పొగ చూసి ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. "ఓ, అంగళ్ళకు పొగ వేసేటోళ్ళా! ముందే చెప్పకూడదా? మా మనవరాలు ఒకటే ఏడుపు, దానికీ రవ్వంత పొగ చూపించి పోండి" అని ఉయ్యాలలోని బిడ్డను ఎత్తుకొచ్చింది.

నక్షత్రమూ ఉంది, బిడ్డా ఉంది. ఇంకేం కావాలి? ముగ్గురూ మోకాళ్ళ మీద పడ్డారు. బంగారు పూస పెట్టారు, సాంబ్రాణి పెట్టారు. బోళం చూసి కస్తూరికి కళ్ళు చెమ్మగిల్లాయి. "బాలింతకు మందు కూడా తెచ్చినారే! ఏ తల్లి కన్న బిడ్డలో!"

ముదిగుబ్బ వాడు గొంతు సవరించుకుని గట్టిగా పిలిచాడు. "సమూయేలు!"

"ఆడపిల్లప్పా!" అంది కస్తూరి.

అక్కడ మారెమ్మకు వీధి చివరికీ ఇంటికీ తిరిగి కాళ్ళు పీక్కుపోతున్నాయి. బిడ్డ నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటోంది. పాస్టరయ్య వచ్చి కూర్చున్నాడు. పొద్దు గుంకుతోంది.

నక్షత్రం కోసం తిరిగొచ్చిన లోకేష్ సంగతంతా విని తల పట్టుకున్నాడు. కస్తూరే కదిలింది. "ఆ పిల్లోని పేరు మా ఇంట్లో పడిపోయినట్లాయ! వాళ్ళవ్వ ఎంత అల్లాడతాందో! పదండి, పదండి!" మొగుడి చేతికి నక్షత్రమిచ్చి, కానుకల పళ్ళెం తాను పట్టుకుని, లోకేష్ వెనకాల పరుగు తీసింది. జ్ఞానులూ లేచారు గానీ, ధర్మవరం వాడు కాళ్ళకు పట్టుచీర చుట్టుకుని మెట్ల మీదే బోర్లా పడ్డాడు.

లోకేష్ జరిగిందంతా చెప్పినా, మారెమ్మ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "జ్ఞానులు యాడ? వాళ్ళు చూడకుండా బయటోళ్ళు చూసేకి లేదు! నా మొక్కు చెడుతుంది. బిడ్డకేమన్నా అయితే?"

"మారెమ్మా," అన్నాడు పాస్టరయ్య నెమ్మదిగా, "ఆనాడు వచ్చిన జ్ఞానులు మాత్రం మనోళ్ళా? దేశం కాని దేశమోళ్ళు, బయటోళ్ళే. వాళ్ళూ ముందు వేరే ఇంటికే పోయినారు. బయటోళ్ళకు దేవుడు కనపడిన పొద్దే కదమ్మా ఈ పండుగ."

మారెమ్మ నక్షత్రాన్ని చూసింది. పళ్ళెం చూసింది. రొప్పుతున్న కస్తూరిని చూసింది. చేతులు దిగిపోయాయి.

"రా అక్కా," అంది. "పేరు విన్నది నువ్వే. నువ్వే పిలువు."

కస్తూరి ఆ పిల్లికూనను ఒళ్ళోకి తీసుకుని, తమ ఇళ్ళల్లో చేసినట్టే చెవిలో మూడుసార్లు పిలిచింది. "సమూయేలు." వాడు కళ్ళు తెరిచాడు. దీపం అప్పుడు పెట్టింది మారెమ్మ.

కుంటుతున్న ధర్మవరం వాణ్ణి నడిపించుకుంటూ జ్ఞానులు వచ్చేసరికి మొదటి పంక్తి లేచిపోయింది.

ప్రత్యక్షత పండుగ అంటే ఏమిటని మిమ్మల్ని ఎవరన్నా అడిగితే, గుర్తుపెట్టుకుని ఇట్లనే చెప్పండి. ఆ ముగ్గురి పేర్లు మాత్రం చెప్పనంటే చెప్పను, పెళ్ళి కావలసిన పిల్లోళ్ళు.