పునుగుపిల్లి నాలుగో గేరు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడితే గొప్పలకు పోయినట్టుంటుంది. ఒక మాదిరి అడవిలో అనుకోండి. దాని పక్కనే ఘాటు రోడ్డు. ఆ రోడ్డు మీద మనుషులు విసుగుపుట్టి వదిలేసిన మోటారు సైకిళ్ళన్నీ ఒక్కొక్కటిగా మా అడవికి చేరాయి. మేం వాటిని బాగుచేసుకుని, ఇప్పనూనె పోసుకుని నడుపుకుంటున్నాం.

నేను పునుగుపిల్లిని. పేరు వకుళమ్మ. మా వంశం గురించి నేను చెప్పుకోకూడదు. మా పెద్దల ఒంటి పునుగు కొండమీద స్వామివారి సేవకు వెళ్ళేదని అందరికీ తెలిసిందే. తెలియనివాళ్ళు కనబడితే నేనే చెబుతుంటాను. అంతకుమించి గొప్పలు చెప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. పులిహోర బాగుందని ఎవరైనా అంటే, ఏదో చింతపండు కుదిరింది అంటాం. పిల్ల చక్కగా ఉందంటే, ఏం చక్కనమ్మా, మూతి చూడండి అంటాం. వాళ్ళు కాదు కాదు అని ఇంకో నాలుగు మాటలు మెచ్చుకుంటారు. అప్పుడు తలొంచుకుని ఊరుకుంటాం. వినయమంటే మాకు తెలిసింది అదే.

మా ఆయన పోతూ పోతూ నాకు వదిలి వెళ్ళింది ఒక్క బండి. దాని ట్యాంకు మీద సొట్ట మా పెద్దమ్మాయి బారసాల నాటిది. సైలెన్సరు మీద గీత మా అత్తగారు అలిగి, నడుస్తున్న బండి మీంచి దిగిపోయిన రోజుది. వెనక ఎవరు కూర్చున్నా దారి పొడుగునా ఈ చరిత్రంతా చెప్పేదాన్ని. అందుకే కాబోలు ఎవరూ రెండోసారి ఎక్కేవారు కాదు.

శనివారం శనివారం ఆ బండి మీదే కొండగుహలో స్వామికి దీపం పెట్టడానికి వెళ్తాను. రెండో గేరు దాటింది ఎప్పుడూ లేదు. దీనికి నాలుగో గేరు కూడా ఉంది వకుళా, అనేవారు ఆయన. ఉండనీయండి, మనకెందుకు, అనేదాన్ని.

ఇలా ఉండగా అడవి కౌన్సిలుకు పొగ గుర్తొచ్చింది.

కౌన్సిలు ప్రెసిడెంటు దుప్పి దొరస్వామిగారు. కొమ్ములు పెద్దవి కాబట్టి ఆలోచనలు కూడా పెద్దవే అయివుంటాయని మేమంతా ఓటేశాం. పాత బండ్ల పొగవల్ల అడవి పాడైపోతోంది, పాత బండ్లన్నీ అలుగు ఆదెప్ప ఇనుప కొట్టుకు పోవాలి, అని ఆయన తీర్మానం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టాక చూసుకుంటే కౌన్సిల్లో ఒక్కరి బండీ కొత్తది కాదు. దొరస్వామిగారిది ఆయన తాతగారి కాలంనాటిది.

అప్పుడు గుమాస్తా ముంగిస ముకుందం ఒక ఉపాయం చెప్పాడు. ఎండిపోయిన వంకలో తిన్నటి ఇసుక దారి ఉంది కదా. అక్కడ ఇద్దరిద్దరిని పందెం పెడదాం, గెలిచిన బండి ఉంటుంది, ఓడినది కొట్టుకు పోతుంది, అన్నాడు. అయితే నా బండీ చిరుతపులి బండీ సమానం కాదు కదా. దానికీ అతను ఒక రూలు రాశాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఎంతసేపట్లో చేరతారో ఎవరికి వారే ముందుగా చెప్పాలి. కాలం లెక్క వడ్రంగిపిట్టది. అది చెట్టును పొడుస్తూ ఉంటుంది, ఎన్ని పోట్లో అంత సేపు. ఎక్కువ సేపు పడుతుందని చెప్పినవాళ్ళను ఆ తేడా ఎంతో అంత ముందుగా వదులుతారు. అంటే ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు చేస్తే ఒకేసారి చేరాలి. ముందు చేరినవాళ్ళు గెలిచినట్టు. కానీ ఎవరైనా తాము చెప్పినదానికంటే తక్కువ సేపట్లో చేరితే కౌన్సిలుకు అబద్ధం చెప్పినట్టే, వాళ్ళు ఓడినట్టే.

ఈ రూలు నాకు బాగా నచ్చింది. నిజం చెప్పినవాళ్ళు గెలుస్తారన్నమాట అనుకున్నాను. స్వామి ఇన్నాళ్ళకు కౌన్సిలుకు మంచి బుద్ధి ఇచ్చాడని ఒక దీపం ఎక్కువ పెట్టాను కూడా.

మెకానిక్ కొండముచ్చు కోటయ్య మా బండిని చూసి తల గోక్కున్నాడు. చీర గార్డు తీసేశాడు, పక్క డబ్బా తీసేశాడు, అద్దాలు తీసేశాడు. హ్యాండిల్ దగ్గర స్వామి పటం మీద చెయ్యి వేస్తే నేను వెయ్యనివ్వలేదు. "బరువు పెద్దమ్మా" అన్నాడు. "ఆయన మనల్ని మోస్తాడు గానీ మనం ఆయన్ని మొయ్యం" అన్నాను. కోటయ్య పటాన్ని వదిలి చెయిన్ బిగించడం మొదలుపెట్టాడు.

మర్నాడు వంకలోకి తీసుకెళ్ళి నేర్పాడు. క్లచ్ సగం వదిలి పట్టుకోవాలట. ఇంజను అరుస్తుంటే అరవనివ్వాలట. ఎదురుగా మోడు మీద మూడు పసుపు పిట్టలు ఉంటాయి, అవి ఒకటి తర్వాత ఒకటి ఎగురుతాయి, ఆ తర్వాత చిలుక ఎగరగానే వదలాలట. మొదటిసారి చిలుకను చూస్తూ ఎంత పచ్చగా ఉందోనని అక్కడే ఉండిపోయాను. రెండోసారి వదిలితే ముందు చక్రం లేచింది. గోవిందా అనుకున్నాను. నోటి నుంచి గో మాత్రమే వచ్చింది, మిగతాది దారిలో పడిపోయింది. మూడోసారి కుదిరింది. మూడో గేరు, ఆ తర్వాత నాలుగో గేరు. మీసాలు వెనక్కి పోయి చెవులకు తగిలాయి.

పిట్టను అడిగితే ముప్పై పోట్లు అంది. మళ్ళీ మళ్ళీ చేసినా ముప్పయ్యే.

"ముప్పై అని చెప్పండి పెద్దమ్మా. మారు మాటాడకండి" అని కోటయ్య మరీ మరీ చెప్పాడు.

పందెం రోజు ముకుందం కొయ్యబల్ల వేసుకుని కూర్చున్నాడు. నా వెనక అడవిలో సగం మంది వరసలో ఉన్నారు. నాకు జతగా పడింది ఎవరనుకున్నారు, దొరస్వామిగారే. ప్రారంభోత్సవం ఆయనే చెయ్యాలట. ఎంతసేపు అని అడగ్గానే ఆయన కొమ్ములు ఒకసారి ఆడించి, పది పోట్లు అన్నారు. చిరుతపులి కూడా తిరిగి చూసింది. జనం ఈలలు వేశారు.

తర్వాత నా వంతు.

ముప్పై అన్న మాట నాలుక దాకా వచ్చింది. అందరూ వింటున్నారు. అంతమందిలో నా బండి గురించి నేనే ముప్పై అని చెప్పుకోవడమా? మా అత్తగారు పైనుంచి వింటే ఏమనుకుంటుంది? "మాదేముంది నాయనా, పాత బండి. నలభై రాసుకో" అన్నాను.

ముకుందం తలెత్తాడు. "నలభయ్యేనా అమ్మా?"

"నలభై కూడా ఎక్కువే నాకు. నలభై అయిదు వెయ్యి" అన్నాను.

ఎవరూ కాదు కాదు అనలేదు. ముకుందం రాసేసుకున్నాడు. కోటయ్య దూరంగా తోకతో మొహం కప్పుకున్నాడు. నేను మాత్రం చాలా ప్రశాంతంగా ఉన్నాను. నలభై అయిదు అన్నావిడ ముప్పైలోనే వచ్చేసిందే, ఎంత అణకువో చూడండి, అని రేపు నీళ్ళ రేవు దగ్గర ఆడవాళ్ళు అనుకోవడం నాకు అప్పుడే వినబడుతోంది. రూలు నాకు తెలుసు. కానీ రూళ్ళన్నీ గొప్పలు చెప్పుకునేవాళ్ళ కోసమే రాస్తారని, అణకువ గలవాళ్ళకు వర్తించవని నా నమ్మకం.

ఎవరి మోడు, ఎవరి చిలుక వాళ్ళకున్నాయి. లెక్క ప్రకారం నన్ను ముందు వదిలారు. చిలుక ఎగిరింది. స్వామి పటం, నేను, బండి ముగ్గురం వెళ్ళిపోయాం. అవతలి కొసన దిగి, పమిట సర్దుకుని వెనక్కి చూస్తే దొరస్వామిగారు ఇంకా బయల్దేరనే లేదు. ఆయన చిలుక మోడు మీదే ఉంది.

తర్వాత ఆయన బయల్దేరారు. సగం దారిలో బండి దగ్గి ఆగింది. ముకుందం పరుగున వెళ్ళి తోశాడు. ప్రెసిడెంటుగారిని గుమాస్తా తొయ్యడం రూలుకు విరుద్ధం కాదట, అది రోజూ జరిగేదేనట. మొత్తానికి చేరారు. వడ్రంగిపిట్ట ముక్కు నొప్పిపుట్టి మధ్యలో లెక్క ఆపేసింది.

గెలిచింది దొరస్వామిగారు అని ముకుందం మైకులో చెప్పాడు.

నేను మెల్లిగా వెళ్ళి అడిగాను. నేను చెప్పినదానికంటే ముందే చేరాను కాబట్టి అబద్ధం చెప్పినట్టే అన్నాడు. మరి ఆయన పది అని చెప్పి ఇంతసేపు చేశారు కదా నాయనా, అన్నాను.

"అమ్మా, చెప్పినదానికంటే ఎక్కువ చెయ్యడమే తప్పు. చెప్పినదానికంటే తక్కువ చెయ్యడం తప్పని రాస్తే కౌన్సిల్లో ఎవరు మిగులుతారు?" అన్నాడు ముకుందం. పాపం మర్యాదగానే అన్నాడు.

అప్పటికే ఆదెప్ప తాళ్ళు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. నా మొహం చూడలేక పొలుసుల్లోకి తల ముడుచుకున్నాడు. ఆ బండిని ముక్కలు చేస్తారన్న మాట అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. బారసాల సొట్ట ఒక గుట్టలోకి, అత్తగారి గీత ఇంకో గుట్టలోకి పోతాయి.

నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ముకుందానికి జాలి వేసింది. ఒక దారి ఉంది అన్నాడు. అప్పీలు చేసుకోవచ్చు. ఒక్కదాన్నే మళ్ళీ నడపాలి. నలభై అయిదు పోట్లకు తగ్గకుండా చేరితే నా మాట నిజమైనట్టు, బండి నాకే ఉంటుంది. నెమ్మదిగా వెళ్ళాలి, అంతే. జన్మంతా నెమ్మదిగానే నడిపినదాన్ని, ఇంతకంటే తేలిక పరీక్ష ఏముంటుంది? స్వామికి మొక్కుకున్నాను. కోటయ్య హ్యాండిల్ పట్టుకుని, "రెండో గేరు పెద్దమ్మా. రెండో గేరులో శనివారం గుడికి వెళ్తున్నట్టు వెళ్ళండి" అన్నాడు. అలాగే నాయనా అన్నాను.

చిలుక ఎగిరింది. మొదటి గేరు, రెండో గేరు. శనివారంలాగే ఉంది. సగం దారి దాటాను. ఇంకొంచెం ఓపిక పడితే బండి నాది.

అప్పుడు దొరస్వామిగారు మైకు అందుకున్నారు. ఆయనకు నామీద కోపమేమీ లేదు, మంచి చెయ్యాలనే అనుకున్నారు. "వకుళమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. చూడండి, పాపం ఆ బండి పనికిరానిదే. ఆవిడకూ నడపడం రాదు. పోయిన ఆయన కూడా ఇలాగే ఈడ్చుకుంటూ తిరిగేవారు" అన్నారు.

జనమంతా, అవును పాపం, అన్నారు. మా పులిహోర తిన్నవాళ్ళు కూడా అన్నారు.

ఈ మాటలన్నీ నేను జన్మంతా నా నోటితోనే అన్నాను. అవునని ఇంకొకరు అనగా వినడం అదే మొదలు. ఆ తర్వాత చెయ్యి నా చెయ్యి కాదు. మూడో గేరు ఎప్పుడు పడిందో తెలియదు, నాలుగో గేరు పడినప్పుడు మాత్రం తెలిసింది. అవతలి కొస దాటి, వంక మలుపు దాటి, ఇసుక తిన్నెలో ఆగాను. కోటయ్య పరుగెత్తుకుంటూ వచ్చి, పిట్ట లెక్క నలభై అయిదు దాకా రాలేదని చెప్పి, బండిని ఇసుకలోంచి బయటకు లాగాడు.

అప్పీలు కొట్టేశారు.

పోనీ కథ అక్కడితో అయిపోయిందా అంటే, దొరస్వామిగారి బండి ఇంటికి వెళ్ళడానికి స్టార్టు కాలేదు. నుదుట కౌన్సిలు వారి ముద్ర, పనికొచ్చే బండి అని. ఆయన మెల్లిగా దగ్గి, "వకుళమ్మగారూ, మీ బండి ఎటూ అటే వెళ్తోంది కదా" అన్నారు. తాడు కట్టాం. పనికిరాని బండి ముందు, పనికొచ్చే బండి వెనక. అడవి మధ్యనుంచి అలా వెళ్తుంటే అందరూ దొరస్వామిగారికే దండం పెట్టారు, ముందున్నది ఆయన ఏర్పాటు చేసుకున్న బండి అనుకుని.

ఆయన్ని ఇంటి దగ్గర వదిలి ఇనుప కొట్టుకు వెళ్ళాను. ఆదెప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. నడిచే బండ్లు ఒక పక్క పెడతాడు, నడవనివి ముక్కలు చేస్తాడు.

"ఇది నడుస్తుందా వదినమ్మా?" అన్నాడు, తెలియనట్టే.

మాదేముంది అని మొదలుపెట్టబోయి నాలుక కరుచుకున్నాను. "బాగా నడుస్తుంది ఆదెప్పా. చాలా బాగా నడుస్తుంది" అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"చూశానులే" అని బండిని తీసుకెళ్ళి రేకుల నీడన నిలబెట్టాడు. కొట్టు లోపల, ప్రహరీ పొడుగునా తిన్నటి బాట ఒకటుంది. పాత ఇనుము కొట్టు లోపల ఎంత వేగంగా కదలాలో కౌన్సిలు ఇంకా రూలు రాయలేదు.

ఇప్పుడు శనివారాలు గుడికి నడిచే వెళ్తున్నాను, ఆదెప్ప కొట్టు మీదుగా. వెళ్ళేసరికి కాస్త ఆలస్యమవుతుంది, జుట్టు కాస్త చెదిరి ఉంటుంది. ఇంతసేపేమిటి అని రేవు దగ్గర ఆడవాళ్ళు అడుగుతారు. మోకాళ్ళ నొప్పులమ్మా, అడుగు పడటం లేదు, అంటాను. అవును పాపం, అంటారు వాళ్ళు. నేను తలొంచుకుని ఊరుకుంటాను.

అందుచేత వినయంగానే మాట్లాడండి, తప్పదు; కాకపోతే ఎదుటివాళ్ళు అవునంటే ఓర్చుకోవడానికి ఎక్కడో ఒకచోట నాలుగో గేరు దాచిపెట్టుకుని మరీ మాట్లాడండి.